అమ్మ తన ఇంటికి తిరిగి వెళ్ళడానికి మేము చేసుకున్న ఏర్పాట్లు

2022 డిసెంబరులో, ధనుర్మాసం మొదలైన మూడో రోజు తెల్లవారుజామున, తెనాలిలోని మా ఇంట్లో మా అమ్మ పడిపోయింది. అప్పటికి ఆమెకు 76 ఏళ్ళు. నాన్నగారు పోయిన తరువాత తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు పెట్టాలని నాలుగున్నరకే మంచం దిగి, బకెట్టు కోసం స్నానాలగదికి వెళ్ళి, అక్కడి గడప దాటుతూ తూలి ఎడమవైపుకు పడింది. ఎంత ప్రయత్నించినా లేవలేకపోయింది. ఫోను హాల్లో ఛార్జింగుకు పెట్టి ఉంది. ముందు తలుపుకూ పెరటి తలుపుకూ లోపలినుంచి గడియలు వేసి ఉన్నాయి. ఏడు గంటలకు పనమ్మాయి వచ్చి ఎంత పిలిచినా తలుపు తెరుచుకోకపోవడంతో పక్కింటివారిని పిలుచుకొచ్చింది, వారు పెరటి తలుపు గడియ విరగగొట్టి లోపలికి వెళ్ళారు. అంటే ఆ చలిలో, తడి గచ్చుమీద, అమ్మ రెండు గంటలకు పైగా పడి ఉంది. ఎముక విరిగిన బాధకంటే, ఎంత అరిచినా ఎవరికీ వినపడదని తెలిసి పడుకుని ఉన్న ఆ రెండు గంటలే తనను ఎక్కువ భయపెట్టాయని ఆమె తరువాత నాతో చెప్పింది.

ఎడమకాలు పొట్టిగా కనిపిస్తూ బయటికి తిరిగి ఉండడం చూసి, 108 వాహనంలో వచ్చినవారు తుంటి ఎముక విరిగి ఉంటుందని అక్కడే అన్నారు. గుంటూరులో ఎక్స్‌రే తీశాక అదే నిజమని తేలింది. తొడ ఎముక పైభాగంలో, కీలులోకి వెళ్ళే మెడ దగ్గర విరిగింది. ఆ వయసులో అక్కడ విరిగిన ఎముక అతుక్కోవడం కష్టమని, కీలులో తొడ ఎముక గుండును తీసి దాని స్థానంలో లోహపు గుండు అమర్చారు. మరునాడే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయించారు. శస్త్రచికిత్స చాలా బాగా చేశారు, అందులో నాకే ఫిర్యాదూ లేదు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం నేలమీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలుమీద కాలు వేసుకోకూడదు, నడుము మరీ ముందుకు వంచకూడదు అని ఒక కాగితం చేతికిచ్చి పంపించారు. కత్తిపీట మీద కూరలు తరుక్కుని, పీట మీద కూర్చుని పూజ చేసుకుని, పెరట్లోని నేలబారు మరుగుదొడ్డిని వాడుకునే మనిషికి ఆ కాగితంలోని ప్రతి వాక్యమూ రోజులో ఒక పనిని తీసేస్తుంది. ఆ పనులన్నీ ఇకమీద ఎలా చేసుకోవాలన్నది అందులో ఎక్కడా లేదు.

నేను హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగిని. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. ఇద్దరం ఫోనులో మాట్లాడుకుని, అమ్మను అడిగామన్న పేరుకు అడిగి, నాలుగో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు తీసుకువచ్చాము. రోజంతా దగ్గరుండడానికి ఒక సంస్థ ద్వారా ఒక అమ్మాయిని పెట్టుకున్నాము, నెలకు 24,000 రూపాయలు. అమ్మ మళ్ళీ పడకూడదన్నదే మా ఆలోచన అంతా. మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేశాము. భోజనం మంచం దగ్గరికే తెచ్చాము. నీళ్ళ గ్లాసు చేతికందించాము, జుట్టు మేమే దువ్వాము. లేవబోతే "వద్దమ్మా, నేను తెస్తాను కదా" అన్నాము. ప్రేమతోనే చేశాము. కానీ ఆరు వారాలయ్యేసరికి, ఆసుపత్రినుంచి వచ్చినప్పుడు వాకర్‌తో గది ఆ చివరనుంచి ఈ చివరకు నడిచిన మనిషి, మంచంమీదినుంచి లేచి నిలబడడానికే రెండు చేతులు పట్టుకోవలసిన స్థితికి వచ్చింది. తొడలు సన్నబడిపోయాయి. పెద్ద వయసులో కండ వాడకపోతే ఎంత త్వరగా కరిగిపోతుందో, కరిగినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎంతకాలం పడుతుందో నాకు అప్పటిదాకా తెలియదు.

జనవరి చివరలో ఒక రాత్రి అమ్మ నన్ను లేపి, "నాన్నగారికి డ్యూటీ ఎన్నింటికి? క్యారేజీ కట్టాలి" అని అడిగింది. నాన్నగారు రైల్వేలో పనిచేశారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందని చెబితే నావైపు అనుమానంగా చూసింది. మతిమరుపు జబ్బు మొదలైందని నేను వణికిపోయాను. మరునాడు వైద్యుడు మూత్రపరీక్ష చేయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని, పెద్దవారిలో ఈ రెండూ కలిస్తే ఇలాంటి అయోమయం రావడం మామూలేనని చెప్పారు. మందులు వాడి, నీళ్ళు బాగా తాగించాక నాలుగు రోజుల్లో అమ్మ మళ్ళీ మామూలు మనిషైంది. అప్పుడు నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. రాత్రి మూత్రానికి లేవాలంటే పక్కన పడుకున్న అమ్మాయిని లేపాలి. "ఆ పిల్ల పగలంతా పనిచేసి పడుకుంటుంది, మళ్ళీ మళ్ళీ ఏం లేపను?" అనుకుని, మధ్యాహ్నం మూడు దాటాక నీళ్ళు తాగడం మానేసింది. ఒకరిమీద ఆధారపడవలసి రావడం ఆమెను ఎంత కుంగదీసిందో ఆ మాటతో నాకు అర్థమైంది. మేము ఆమెకోసం పెట్టిన మనిషే, ఆమె మంచినీళ్ళు మానేయడానికి కారణమైంది.

ఆ తరువాత ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు కుర్రవాడు మొదటిరోజు వ్యాయామమేమీ చేయించలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని, "మామ్మగారూ, మీకు మీరుగా ఏ పనులు చేసుకోవాలని ఉందో చెప్పండి" అని అడిగాడు. అంతవరకు ఆమెను ఎవరూ ఆ మాట అడగలేదు, కన్నకూతురిని నేనూ అడగలేదు. అమ్మ చాలాసేపు ఆలోచించి నాలుగు చెప్పింది. ఎవరూ పట్టుకోకుండా బాత్రూముకు వెళ్ళిరావాలి. తన కాఫీ తాను కలుపుకోవాలి. దేవుడి దగ్గర తానే దీపం పెట్టుకోవాలి. సంక్రాంతికి ముగ్గు వేయాలి. ఈ నాలుగూ తెనాలిలోని తన ఇంట్లోనే జరగాలి. ఆ అబ్బాయి వాటిని కాగితంమీద రాసుకుని, ఒక్కొక్క పనికి ఒంట్లో ఏ బలం కావాలో, ఇంట్లో ఏ మార్పు కావాలో విడదీసి మాకు చెప్పాడు. ఆ తరువాత ఏడాదిపాటు మేము చేసినదంతా ఆ కాగితం ప్రకారమే జరిగింది.

ముందు ఒంటి సంగతి. 30 సెకన్లలో చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టే పరీక్ష ఒకటి ఉంది. 75 నుంచి 79 ఏళ్ళ ఆడవారు 10 సార్లకంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని భావిస్తారు. ఫిబ్రవరిలో అమ్మ ఒక్కసారి కూడా చేతులు పెట్టకుండా లేవలేకపోయింది. అందుకని కుర్చీమీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, అక్కడినుంచి లేవడం మొదలుపెట్టించాడు. వారం తరువాత ఒక దిండు తీశాడు, ఆ తరువాత రెండోదీ తీశాడు. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, కాలు పక్కకు చాపడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడడం రోజుకు రెండు పూటలా చేయించాడు. అంకెలు లెక్కపెట్టడం అమ్మకు విసుగు. స్తోత్రం చదువుకుంటూ, ఒక్కో శ్లోకానికి ఒక్కో వ్యాయామం చొప్పున తనే ఒక పద్ధతి పెట్టుకుంది. వాకర్‌నుంచి చేతికర్రకు మారినప్పుడు, విరిగిన కాలు ఎడమది కాబట్టి కర్ర కుడిచేతిలో పట్టుకోవాలని అతను చెబితే నేను మొదట నమ్మలేదు. దెబ్బ తగిలిన వైపే ఊతం ఉండాలని కదా అనుకుంటాము. ఎడమకాలు ముందుకు వేసేటప్పుడు కుడిచేతి కర్ర కూడా ముందుకు వస్తే ఆ తుంటిమీద భారం తగ్గుతుందని నడిపించి చూపించాడు. కర్ర పిడి, చెయ్యి వేలాడదీసి నిలబడినప్పుడు మణికట్టు ముడత దగ్గరికి రావాలి. నాన్నగారి పాత కర్ర అమ్మకు నాలుగు అంగుళాలు పొడవు ఎక్కువైంది. దాన్ని కోయడానికి మనసొప్పక కొత్తది కొన్నాము.

అసలు ఆ రోజు ఎందుకు పడిందన్న ప్రశ్న అప్పటివరకు మేమెవరమూ వేసుకోలేదు, కాలు జారిందనే అనుకున్నాము. అమ్మ వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి ఒక నిమిషానికి మళ్ళీ చూశారు. పడుకున్నప్పుడు పై అంకె 148 ఉన్నది, నిలబడేసరికి 116కు పడిపోయింది. 20 తగ్గినా జాగ్రత్తపడాలని, ఇది 32 అని చెప్పి, మంచం దిగగానే ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా అని అడిగారు. "రోజూ తిరుగుతాయి, వయసు కదా అనుకున్నాను" అంది అమ్మ. రెండు రకాల బీపీ మాత్రలు ఒకేసారి వేసుకుంటోంది. నాన్నగారు పోయిన కొత్తలో నిద్రపట్టక మొదలుపెట్టిన మాత్రను ఎనిమిదేళ్ళుగా మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుంటోంది. తూలిపడడానికి నిద్రమాత్రలు పెద్ద కారణమని ఆయన వివరించి, బీపీ మందులు మార్చారు. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకూడదని చెప్పి కొన్ని వారాలపాటు మోతాదు తగ్గిస్తూ మాన్పించారు. ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబారకుండా మందు, విటమిన్ డి కూడా మొదలుపెట్టారు. మంచంమీద లేచి కూర్చుని, పాదాలు పదిసార్లు ఆడించి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, అప్పుడు నిలబడాలన్నది ఆ రోజునుంచి నియమమైంది. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే వాళ్ళ మందులన్నీ, మానేసినవి అనుకుంటున్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని ఒకే వైద్యుడికి చూపించండి. మేము చేసినవాటిలో ఖర్చులేనిదీ, అన్నిటికంటే ముందు చేయవలసిందీ అదే.

2023 మార్చిలో, ఉగాదికి మూడు వారాల ముందు నేను సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. అమ్మను తీసుకువెళ్ళకుండా ఇల్లంతా బాగుచేయించి, తరువాత ఆమెను తీసుకురావాలన్నది నా ఆలోచన. ఫిజియోథెరపిస్టు వద్దన్నాడు. ఆమె ఎక్కడ చెయ్యి వేసి ఆనుకుంటుందో, ఎక్కడ ఆగుతుందో చూడకుండా ఏమి బిగించినా పనికిరాదన్నాడు. అందువల్ల అమ్మను పిన్నిగారింట్లో ఉంచి, రోజూ ఒక గంట ఇంటికి తీసుకువచ్చి నడిపించి, ఆమె చెయ్యి పడిన చోటల్లా సుద్దతో గీత గీశాను. బాత్రూములో ఆమె చెయ్యి తువ్వాలు వేసుకునే కడ్డీ మీదికి వెళ్ళింది. నేను దాన్ని పట్టుకుని గట్టిగా లాగితే మేకులతో సహా ఊడి నా చేతికి వచ్చింది. ఎన్నేళ్ళుగా దాన్ని పట్టుకుని స్నానం చేస్తోందో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

బాత్రూము గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే డబ్బూ శ్రమా ఎక్కువగా పెట్టింది అక్కడే. గచ్చు పగలగొట్టించి గరుకు టైల్స్ వేయించాము. నీళ్ళు బయటికి రాకుండా కట్టిన నాలుగంగుళాల గడపను తీయించి, తూము వైపుకు వాలు పెంచి, తలుపు దగ్గర అడ్డంగా జాలీ ఉన్న చిన్న కాలువ పెట్టించాము. నేలబారు దొడ్డి బదులు లోపలే కమోడ్ పెట్టించాము. మామూలు కమోడ్ పొట్టిగా ఉంటుంది, కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటికంటే పైకి వస్తాయి, అది ఆ కీలుకు మంచిది కాదు. అలాగని మరీ ఎత్తుగా పెడితే, నాలుగడుగుల పదకొండంగుళాల మా అమ్మకు పాదాలు నేలకు ఆనవు. కుర్చీకింద ఇటుకలు పేర్చి, కూర్చోబెట్టి, లేపి, చివరికి 17 అంగుళాల ఎత్తు సరిపోతుందని తేల్చుకుని, కమోడ్ కింద దిమ్మె కట్టించాము. పట్టుకునే స్టీలు కమ్మీల విషయంలో మేస్త్రితో కొంత వాదన జరిగింది. 1970లలో కట్టిన గోడ, ఇటుక గుల్లబారి ఉంది, డ్రిల్లు పెడితే పొడి రాలుతోంది. మామూలు ప్లగ్గులు వేసి బిగిస్తే చాలన్నాడు. బరువు పడిన రోజున అవి ఊడిపోతే ఏమీ లేకపోవడంకంటే ప్రమాదమని నేను ఒప్పుకోలేదు. చివరికి గోడకు ఆరపారా రంధ్రాలు చేసి, అవతలివైపు ఇనుపరేకు పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించాడు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, తలుపు పక్కన నిలువుగా ఒకటి. బిగించాక ఒక్కొక్కదానికి నేను నా బరువంతా వేసి వేలాడి చూశాను. మేస్త్రి కూడా వేలాడి చూశాడు. స్నానానికి రబ్బరు కాళ్ళున్న, వీపు ఆనే కుర్చీ, చేత్తో పట్టుకునే షవరు పెట్టాము. తలుపుకు లోపలి గడియ తీసేసి, బయటినుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే బొళ్ళెం పెట్టించాము. బాత్రూము పనికి మొత్తం 58,000 రూపాయలయింది. హైదరాబాదులో మనిషిని పెట్టుకోవడానికి రెండున్నర నెలల్లో మేము ఇచ్చిన డబ్బు అంతకంటే ఎక్కువ.

గడపల దగ్గర అమ్మకూ నాకూ మాట వచ్చింది. అన్ని గడపలూ తీయించేద్దామన్నాను. వీధి గుమ్మం గడప ముట్టుకోవడానికి వీల్లేదంది. "పసుపు రాసి బొట్టు పెట్టుకునే గడపే, దాన్ని తీసేసి నన్ను ఏ ఇంట్లోకి రమ్మంటావు?" అంది. ఆ మాటతో నేను ఆగి ఆలోచించాను. పెద్దవారి చూపు మందగించినప్పుడు, నేల రంగులో కలిసిపోయే మెట్టూ గడపా కనపడక తట్టుకుంటారు, అందుకే వాటి అంచులకు ముదురు రంగు వేయమని చెబుతారు. పసుపు గడప మీద ఎర్రటి బొట్లు చేసే పని అదే. పని చేసుకోలేక కొన్నేళ్ళుగా అమ్మ గడపకు పసుపు రాయడం తగ్గించింది, అది వెలిసిపోయి నాపరాయి రంగులో కలిసిపోయింది. ఆ గడపను అలాగే ఉంచి, పసుపు రంగు పెయింటు వేయించి, తలుపు చట్రానికి రెండువైపులా పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించాము. మిగిలిన లోపలి గడపలు రెండు తీయించడానికి అమ్మ ఒప్పుకుంది. చెప్పుల విషయంలో కూడా ఇలాగే ఒక ఒప్పందానికి వచ్చాము. ఇంట్లో చెప్పులేసుకోవడం ఆమెకు అలవాటు లేదు, నున్నటి గచ్చుమీద వట్టి పాదాలతో తిరుగుతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు ఇంట్లోకి మాత్రమే వేరుగా కొన్నాము. దేవుడి గూటి దగ్గరా వంటగది గుమ్మం దగ్గరా విడిచిపెట్టి లోపలికి వెళ్ళాలంటే వంగాలి కనుక, ఆ రెండుచోట్లా గరుకు చాపలు నేలకు అతికించాము, పక్కనే ఒక కుర్చీ వేశాము. దేవుడి పటాలను నేలమీది పీటనుంచి నడుమెత్తు గూట్లోకి మార్చాము. దీపం పెట్టేటప్పుడు చీర కొంగు నడుముకు దోపుకోవడం, అగ్గిపెట్టె బదులు పొడవాటి లైటర్ వాడడం అమ్మ తనే ఎంచుకున్న జాగ్రత్తలు.

వంటింట్లో మార్పు చిన్నదే. రోజూ వాడేవన్నీ భుజానికీ మోకాలికీ మధ్య ఎత్తులోకి తెచ్చాము. ఐదు లీటర్ల కుక్కరు పక్కన పెట్టి మూడు లీటర్లది కొన్నాము. బిందె తీసేసి చిన్న కూజాలు పెట్టాము. గ్యాసు రబ్బరు గొట్టం మార్చవలసిన ఐదేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటే మార్పించి, లీకేజీకి ఫోను చేయవలసిన 1906 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాము. స్టూలెక్కి అటకమీది వస్తువు తీయకూడదన్న నియమం ఒక్కటే నేను గట్టిగా పట్టుబట్టి పెట్టాను. కత్తిపీట పోయినందుకు అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. చాకుతో తరిగితే బెండకాయ ముక్క కుదరదంటుంది. డాబా ఎక్కి వడియాలు పెట్టుకోవడం కూడా మానుకోవలసి వచ్చింది. కొన్ని పనులు పోయాయి, పోలేదని చెప్పడం నిజం కాదు.

దోమతెర సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. రాత్రిపూట హడావిడిగా లేచే మనిషి పాదం తెర అంచులో చిక్కుకుంటుంది. దాన్ని తీసేసి కిటికీలకూ తలుపుకూ జాలీ తలుపులు పెట్టించాము. మంచంనుంచి బాత్రూము వరకు మనిషి కదలగానే వెలిగే చిన్న దీపాలు మూడు పెట్టాము, కరెంటు పోయినా వెలిగే బల్బు ఒకటి హాల్లో పెట్టాము. కంటి శుక్లాల శస్త్రచికిత్స అదే ఏడాది ఒక కంటికి చేయించాము.

అమ్మ ఉగాదికి మూడు రోజుల ముందు తన ఇంట్లో అడుగుపెట్టింది. అన్నయ్య అమెరికానుంచి రెండు కెమెరాలు, పడిపోతే తనంతట తానే ఫోను చేసే చేతిగడియారం పంపించాడు. అతని భయం నాకు తెలుసు, అంత దూరాన ఉన్నవాడికి చూడడం తప్ప చేయగలిగింది ఏముంది? కానీ అమ్మ, "బట్టలు మార్చుకునే ఇంట్లో నన్ను ఎవరైనా చూస్తూ ఉంటారా?" అని ఒకే ఒక్క మాట అంది. నేను ఆమె పక్షమే నిలిచాను, కెమెరాలు పెట్టలేదు. గడియారం కొన్నాళ్ళు పెట్టుకుంది, ఛార్జింగు మరిచిపోతుండడంతో అది అల్మరాలోకి చేరింది. నిలిచిన పద్ధతి వేరు. మీటల ఫోను ఒకటి చిన్న గుడ్డసంచిలో వేసి మెడలో వేసుకుంటుంది, బాత్రూముకు వెళ్ళినా సరే. ఒకటి నొక్కితే పక్కింటి అక్కయ్యగారికి, రెండు నొక్కితే నాకు వెళుతుంది. రోజూ ఉదయం ఆరున్నరకు నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఏడు వరకు రాకపోతే నేను చేస్తాను, ఎత్తకపోతే అక్కయ్యగారు వెళతారు. ఆవిడ దగ్గర తాళంచెవి ఉంది, గడియలు తీయించి బయటినుంచి కూడా తెరవగలిగే తాళాలు పెట్టించాము. ఆ రెండు గంటల భయానికి ఇదే మా సమాధానం. దగ్గర ఇలాంటి పొరుగువారు లేని పెద్దలకు కేంద్రప్రభుత్వ ఎల్డర్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. మా పనమ్మాయి అత్తగారికి కర్ర కొనే స్థోమత లేకపోతే రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి తెలుసుకున్నాను. 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే ప్రారంభమైన ఆ పథకం కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలు ఉచితంగా ఇస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఒక పాఠం మాత్రం మేము దాదాపు వదిలేశాము, ఫిజియోథెరపిస్టే గుర్తుచేశాడు. పడకుండా చూసుకోవడం నేర్పారు సరే, పడితే ఎలా లేవాలో నేర్పారా అని అడిగాడు. శస్త్రచికిత్స అయి ఐదు నెలలు దాటి, వైద్యుడు సరేనన్నాక, పరుపుమీద పడుకోబెట్టి నేర్పించాడు. కంగారుపడి వెంటనే లేవకూడదు. ముందు కాళ్ళూ చేతులూ కదిలించి నొప్పి ఎక్కడుందో చూసుకోవాలి. పక్కకు ఒత్తిగిలి, మోచేతిమీద లేచి, చేతులూ మోకాళ్ళమీద పాకుతూ దగ్గరున్న కుర్చీ దాకా వెళ్ళి, రెండు చేతులూ దానిమీద వేసి, బలంగా ఉన్న కుడిపాదం ముందు ఆనించి లేచి, తిరిగి కూర్చోవాలి. నొప్పి ఎక్కువగా ఉంటే లేవనే కూడదు, దుప్పటి లాక్కుని కప్పుకుని ఫోను చేయాలి. మొదటిసారి సాధన చేయించినప్పుడు అమ్మ ఏడ్చింది. ఆ తెల్లవారుజాము గుర్తుకొచ్చిందని చెప్పింది. ఆ రోజు ఆపేసి, మరో వారం తరువాత మళ్ళీ మొదలుపెట్టాము. నాలుగోసారికి తానే లేచి కూర్చుంది.

ఆగస్టు నాటికి కుర్చీ పరీక్షలో 9 సార్లు, ఆ ఏడాది చివరికి 11 సార్లు లేచింది. నవంబరులో కుటుంబ పింఛనుకు ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని, స్మార్ట్‌ఫోనులో ముఖం చూపించి, బ్యాంకుకు వెళ్ళకుండా తానే పూర్తిచేసింది. కార్తీకమాసంలో చేతికర్రతో వీధి చివర శివాలయానికి వెళ్ళివచ్చింది. 2024 సంక్రాంతికి నేను వెళ్ళేసరికి ముగ్గు సిద్ధంగా ఉంది. వాకిట్లో వంగకూడదు కాబట్టి, నడుమెత్తున్న వీధి అరుగుమీద, కింద వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, అరుగు పొడవునా చుక్కల ముగ్గు వేసింది. ఆ ఉపాయం మాలో ఎవరూ చెప్పలేదు.

2024 జూలైలో ఒక ఉదయం ఆరున్నరకు ఎప్పటిలాగే మిస్డ్ కాల్ వచ్చింది. ఏడుగంటలకు మళ్ళీ ఫోను వచ్చింది. "కంగారుపడకు, ఇందాక వంటింట్లోకి వెళ్ళబోతూ జారి కూర్చుండిపోయాను, ఎక్కడా నొప్పి లేదు. కుర్చీ దాకా పాకి లేచాను. కాసేపు కూర్చుని, కాఫీ కలుపుకుని తాగి, అప్పుడు నీకు చేస్తున్నాను" అంది. నేను ఆ మధ్యాహ్నం బండికే తెనాలి వెళ్ళాను. వైద్యుడు చూసి, నిలబెట్టి బీపీ చూసి, అంతా బాగానే ఉందన్నారు. ఇంటికి వచ్చాక వంటగది గుమ్మం దగ్గరున్న ఆమె చెప్పులు తిరగేసి చూశాను. ఏడాదికి పైగా రోజూ వాడడంతో అడుగున రబ్బరు గీతలు పూర్తిగా అరిగిపోయి, అద్దంలా నున్నగా తయారయ్యాయి. సాయంత్రం బజారుకు ఇద్దరం కలిసి వెళ్ళి రెండు జతలు కొన్నాము. రెండో జతమీద, దాన్ని ఎప్పుడు తీయాలో అమ్మ తానే తేదీ రాసి పెట్టుకుంది.